బ్లాస్ట్ కణాల లోపలి మార్కర్లను ఫ్లో సైటోమెట్రీతో పట్టుకోవడం ఎలా?

ఎదగని రక్తకణం, అంటే బ్లాస్ట్, తన వంశం గుర్తును, అంటే మార్కర్‌ను, ముందు కడుపులోనే తయారుచేసుకుంటుంది, పైపొర మీదికి తేవడం ఆ తర్వాతి మాట. టీ వంశపు బ్లాస్ట్ చాలాసార్లు సైటోప్లాజం (కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం) నిండా సీడీ3 అనే ప్రొటీన్ పెట్టుకుని కూడా పైన ఏమీ కనపడనివ్వదు. మైలోపెరాక్సిడేజ్, అంటే ఎంపీఓ, కణం రేణువుల్లో ఉండే ఎంజైమ్. దాన్ని పైపొర మీద వెతికి లాభం లేదు. టీడీటీ అనే ఎంజైమ్ ఇంకా లోతుగా కేంద్రకంలో ఉంటుంది. అందుకే అక్యూట్ లుకేమియా (వేగంగా ముదిరే రక్త క్యాన్సర్) అనుమానం ఉన్న నమూనాలో పైపొర మార్కర్లు మాత్రమే చూసి 'ఇది మైలాయిడ్ (న్యూట్రోఫిల్స్ వైపు వంశం), ఇది లింఫాయిడ్ (టీ, బీ లింఫోసైట్ల వంశం)' అని తేల్చేయకూడదు. ఎంపీఓ, సైటోప్లాజంలోని సీడీ3, సీడీ79ఏ, సీడీ22 (ఈ రెండూ బీ వంశం గుర్తులు), టీడీటీ – ఈ ఐదూ చూస్తే చాలావరకు చిక్కుముడి విడిపోతుంది.

ఫ్లో సైటోమెట్రీ అంటే రంగు యాంటీబాడీలు అంటించిన కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి వాటి వెలుగు కొలవడం. లోపలి మార్కర్లు చూడాలంటే కణాన్ని గట్టిపరచాలి, పొరకు రంధ్రాలు పెట్టాలి, యాంటీబాడీని లోపలికి పంపాలి. ఈ మూడు పనుల్లో ప్రతిదీ కణం రూపాన్ని, వెలుగును కొంత మారుస్తుంది. అలా మారిన కణం పాజిటివా నెగటివా అని చెప్పగలిగేది అవే మార్పులకు లోనైన మరో కణమే. అంటే అదే ట్యూబులో బ్లాస్టుల పక్కన మిగిలి ఉన్న మామూలు లింఫోసైట్లు, న్యూట్రోఫిల్స్. వాటిని చూడకుండా బ్లాస్టుల శాతం మాత్రమే రాసిన రిపోర్టును నమ్మలేం. కింద చెప్పే ప్రతి అడుగులోనూ ఆ మామూలు కణాలను కాపాడుకోవడం మీద ఒక కన్ను వేసి ఉంచండి.

నమూనా

ఎముక మజ్జ అయితే సూదితో తీసిన మొదటి లాగుడులో వచ్చిన భాగాన్ని అడగండి. రెండో, మూడో లాగుడులో రక్తం ఎక్కువ కలిసి బ్లాస్టుల వాటా పడిపోతుంది. గడ్డకట్టకుండా చేసే ఈడీటీఏ ఉన్న ట్యూబులో తీసిన నమూనాను గది ఉష్ణోగ్రతలో ఉంచి 24 గంటల లోపు పని మొదలుపెట్టండి. హెపారిన్‌లో తీసినది 48 గంటల దాకా ఆగగలదు. నమూనాను ఎట్టి పరిస్థితుల్లోనూ గడ్డకట్టనివ్వకూడదు, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. పాతబడిన నమూనాలో ముందు చచ్చేవి న్యూట్రోఫిల్స్. ఎంపీఓకి కొలబద్దగా నిలవాల్సినవి అవే.

యంత్రం దగ్గరికి వెళ్లే ముందు స్లైడు మీద ఒక స్మియర్ తీసి రంగు వేసి చూడండి. బ్లాస్టులు ఎన్ని ఉన్నాయో, ఎలా ఉన్నాయో కంటితో చూసినవాళ్లకు తర్వాత గేటు (లెక్కించాల్సిన కణాల గుంపు చుట్టూ తెర మీద గీసే గీత) ఎక్కడ గీయాలో తెలుస్తుంది. ఈ పది నిమిషాల పనిని వదిలేయొద్దు.

తెల్లకణాల సంఖ్యను మైక్రోలీటర్‌కి 10,000కి సర్దండి. అప్పుడు 100 మైక్రోలీటర్లలో 10 లక్షల కణాలు ఉంటాయి. లెక్క ఎంతో తేలిక: నమూనాలో మైక్రోలీటర్‌కి 1,50,000 కణాలుంటే ఒక వంతు నమూనాకు 14 వంతుల పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు బఫర్) కలపండి. సంఖ్య మరీ తక్కువగా, 2,000 దగ్గర ఉంటే, 1 మిల్లీలీటర్ నమూనాలోని ఎర్రకణాలను ముందే పగలగొట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మిగిలిన కణాలను 200 మైక్రోలీటర్లలోకి తేవాలి. ఈ సర్దుబాటు మానేస్తే యాంటీబాడీ మోతాదు తప్పుతుంది. కణాలు మూడు రెట్లుంటే యాంటీబాడీ అందరికీ చాలదు, పాజిటివ్ కణం కూడా మసకగా కనిపిస్తుంది.

ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

కడిగే బఫర్: పీబీఎస్‌లో 0.5 శాతం బీఎస్ఏ (పశువుల ఆల్బుమిన్ ప్రొటీన్), 0.09 శాతం సోడియం అజైడ్. అజైడ్ విషం. ఆమ్లంతో కలవనివ్వకండి, లోహపు గొట్టాలున్న సింకులో పారబోయకండి.

ఎర్రకణాలను పగలగొట్టే ద్రావణం: లీటరు నీటికి అమ్మోనియం క్లోరైడ్ 8.26 గ్రాములు, పొటాషియం బైకార్బనేట్ 1 గ్రాము, ఈడీటీఏ 0.037 గ్రాము. పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య ఉండాలి. వాడే ముందు గది ఉష్ణోగ్రతకు రానివ్వండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ద్రావణం ఎర్రకణాలను సగంలో వదిలేస్తుంది.

గట్టిపరిచే ద్రావణం: 4 శాతం పారాఫార్మాల్డిహైడ్. మిథనాల్ కలపని 16 శాతం ఆంపూల్ తీసుకుని, ఒక వంతుకు మూడు వంతుల పీబీఎస్ కలపండి. ఏ రోజుకా రోజు కలుపుకోవడం మంచిది. ఫార్మాల్డిహైడ్ ఆవిరి కళ్లకూ ఊపిరితిత్తులకూ హాని చేస్తుంది, హుడ్ కిందే పని చేయండి.

రంధ్రాలు పెట్టే బఫర్: పీబీఎస్‌లో 0.1 శాతం సాపోనిన్, 0.5 శాతం బీఎస్ఏ. సాపోనిన్ గురించి ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అది పొరలోని కొలెస్ట్రాల్‌ను పట్టుకుని రంధ్రాలు చేస్తుంది గానీ, సాపోనిన్‌ను కడిగేస్తే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. అందుచేత లోపలి యాంటీబాడీ కలిపే దశలోనూ, ఆ వెంటనే కడిగే దశలోనూ బఫర్‌లో సాపోనిన్ ఉండి తీరాలి. మధ్యలో అలవాటుగా మామూలు బఫర్‌తో కడిగి, ఆ తర్వాత యాంటీబాడీ వేస్తే అది బయటే ఉండిపోతుంది. పనంతా సరిగ్గా చేసినట్టే ఉంటుంది, ఫలితం మాత్రం నెగటివ్.

టీడీటీకి ఈ 0.1 శాతం సాపోనిన్ ఒక్కటే చాలుతుందని అనుకోవద్దు. కేంద్రకం దాకా దారి చేయాలి. కేంద్రకం మార్కర్లకు పరీక్షించి చూసిన రెడీమేడ్ కిట్ వాడండి, లేదా 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 వాడండి. చల్లటి 90 శాతం మిథనాల్ కేంద్రకాన్ని బాగా తెరుస్తుంది. కానీ ముందే వేసిన పీఈ, ఏపీసీ అనే ప్రొటీన్ రంగులను, వాటికి మరో రంగు జతకట్టిన టాండమ్ రంగులను పాడుచేస్తుంది. పైపొర రంగులతో కలిపి చేసే ఈ పనికి మిథనాల్ పనికిరాదు.

కిట్ వాడేవాళ్లు ఒక కిట్‌లోని గట్టిపరిచే ద్రావణాన్ని మరో కిట్‌లోని రంధ్రాల ద్రావణంతో కలపకండి. అవి జంటగా తూచి చేసినవి. కొన్ని కిట్లలో రెండో ద్రావణమే ఎర్రకణాలను కూడా పగలగొడుతుంది. అప్పుడు అమ్మోనియం క్లోరైడ్ అడుగు అక్కర్లేదు. కిట్ కాగితం మీదున్న సమయాలే మీకు ప్రమాణం.

రంగులు ఎలా పంచాలి

ఎనిమిది రంగుల యంత్రం ఉంటే ఒకే ట్యూబులో వంశం తేలిపోతుంది. యూరోఫ్లో బృందం 2012లో ప్రచురించిన అక్యూట్ లుకేమియా తొలి ట్యూబు అందుకు మంచి ఉదాహరణ (ప్రతి మార్కర్ పక్కన ఉన్నది యాంటీబాడీకి తగిలించిన రంగు పేరు): సైటోప్లాజం సీడీ3 పసిఫిక్ బ్లూలో, తెల్లకణాల మీద ఉండే సీడీ45 పసిఫిక్ ఆరెంజ్‌లో, ఎంపీఓ ఫిట్సీలో, సీడీ79ఏ పీఈలో, ఎదగని కణాల గుర్తు సీడీ34 పెర్‌సీపీ-సై5.5లో, బీ వంశపు సీడీ19 పీఈ-సై7లో, టీ వంశపు సీడీ7 ఏపీసీలో, పైపొర సీడీ3 ఏపీసీ-హెచ్7లో.

ఈ పంపకం వెనకున్న ఆలోచన పట్టుకుంటే మీ యంత్రానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఎంపీఓ కణంలో దండిగా ఉంటుంది, కాబట్టి మోస్తరు వెలుగున్న ఫిట్సీ చాలు. సీడీ79ఏ మసకగా ఉండొచ్చు, దానికి ప్రకాశవంతమైన పీఈ ఇచ్చారు. టీడీటీ వేరే ట్యూబులో చూస్తారు, దానికి ఫిట్సీ మేలు. పీఈ దాదాపు 240 కిలోడాల్టన్ల భారీ ప్రొటీన్. యాంటీబాడీకి అది తగిలించాక కేంద్రకంలోకి దూరడం కష్టమవుతుంది. ఫిట్సీ చిన్న అణువు, యాంటీబాడీ బరువు పెంచదు.

సీడీ3 రెండు చోట్ల చూస్తున్నాం కాబట్టి క్లోన్ల (ఒకే మార్కర్‌ను పట్టే వేర్వేరు యాంటీబాడీ రకాల) విషయం ఆలోచించాలి. పైపొరకు ఎస్కే7, లోపలికి యూసీహెచ్‌టీ1 వాడటం పరిపాటి. పైపొర యాంటీబాడీని నిండు మోతాదులో ముందే వేసి కడిగేస్తే పైన ఉన్న చోట్లు నిండిపోతాయి, తర్వాత వేసినది ముఖ్యంగా లోపలి సీడీ3నే చూపిస్తుంది.

లోపలి యాంటీబాడీల మోతాదు సీసా మీదున్నట్టే ఉండాలని లేదు. రంధ్రాలు పెట్టిన కణం లోపల అతుక్కోవడానికి అనవసరమైన చోట్లు చాలా ఉంటాయి. యాంటీబాడీ ఎక్కువైతే నెగటివ్ కణాలు కూడా మెరుస్తాయి. ఆరోగ్యవంతమైన రక్తంలో, ఇదే పద్ధతిలో గట్టిపరిచి రంధ్రాలు పెట్టిన కణాల మీద, మోతాదును సగం సగం తగ్గిస్తూ ఐదారు ట్యూబులు చేసి చూడండి. పాజిటివ్, నెగటివ్ గుంపుల మధ్య ఎడం ఎక్కడ ఎక్కువగా ఉందో అదే మీ మోతాదు.

అడుగు 1: ట్యూబులు

కనీసం రెండు ట్యూబులు పెట్టండి. మొదటిది పూర్తి ట్యూబు. రెండోదాంట్లో పైపొర యాంటీబాడీలన్నీ వేసి, గట్టిపరిచి, రంధ్రాలు పెట్టి, లోపలి యాంటీబాడీలు మాత్రం వేయకూడదు. బ్లాస్టుల సహజమైన వెలుగు, పక్క రంగుల చిమ్ముడు ఎంతో ఈ రెండో ట్యూబే చెబుతుంది. ఐసోటైప్ కంట్రోల్ (ఈ మార్కర్లను పట్టని యాంటీబాడీ వేసిన ట్యూబు) కంటే దీన్ని ఎక్కువ నమ్మవచ్చు. ఐసోటైప్ యాంటీబాడీ వేరే తయారీ, దాని మీద రంగు అణువుల సంఖ్య వేరు, అది లోపల అతుక్కునే తీరు కూడా వేరు.

అడుగు 2: చచ్చిన కణాల గుర్తు

నమూనా తాజాగా లేకపోతే ఇది తప్పనిసరి. చచ్చిన కణం ఏ యాంటీబాడీనైనా పీల్చుకుంటుంది. పొర తెగిన కణాల్లోకే దూరే 7-ఏఏడీ, ప్రొపీడియం అయోడైడ్ రంగులు ఇక్కడ పనికిరావు, ఎందుకంటే తర్వాత అన్ని కణాలకూ రంధ్రాలు పెడతాం. కణంలోని అమైన్లకు గట్టిగా అతుక్కుని, గట్టిపరిచిన తర్వాత కూడా నిలిచే రంగు వాడాలి. దాన్ని ప్రొటీన్ లేని పీబీఎస్‌లోనే వేయండి. ప్లాస్మా గానీ బీఎస్ఏ గానీ ఉంటే రంగంతా వాటికే అంటుకుంటుంది. కాబట్టి ముందు కణాలను పీబీఎస్‌తో కడగండి.

అడుగు 3: పైపొర యాంటీబాడీలు

100 మైక్రోలీటర్ల కణాలకు యాంటీబాడీలు కలిపి, వోర్టెక్స్ (ట్యూబును గిరగిరా కదిపే యంత్రం) మీద మెల్లగా కదిపి, చీకట్లో గది ఉష్ణోగ్రత దగ్గర 15 నిమిషాలు ఉంచండి. యాంటీబాడీ చుక్క ట్యూబు గోడకు అంటుకుని ఉండిపోతే ఆ రంగు మొత్తం తగ్గుతుంది. పిపెట్ మొన కణాల ద్రవంలో మునిగేలా వదలండి.

పైపొర పని ముందే ఎందుకు? గట్టిపరిచాక కొన్ని పైపొర మార్కర్ల ఆకారం చెడి యాంటీబాడీ గుర్తుపట్టదు. పైగా రంధ్రాలు పడ్డాక వేస్తే, పైన ఉన్నదీ లోపల ఉన్నదీ కలిసిపోయి విడదీయడం కుదరదు. సీడీ22 ఇందుకు మంచి ఉదాహరణ. తొలి దశ బీ బ్లాస్టుల్లో అది లోపల ఉండి పైన లేకపోవచ్చు.

మోనోసైట్లు ఎక్కువగా ఉన్న నమూనాలో ఎఫ్‌సీ రిసెప్టర్లను (ఏ యాంటీబాడీ తోకనైనా పట్టుకునేవి) ముందే అడ్డుకోండి. యాంటీబాడీలు వేసే 10 నిమిషాల ముందు మనిషి ఇమ్యునోగ్లోబ్యులిన్ గానీ రెడీమేడ్ బ్లాకర్ గానీ కలిపితే చాలు. సైటోప్లాజంలోని మ్యూ గొలుసును గానీ, మరో ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను గానీ చూడాలనుకుంటే మాత్రం ఇమ్యునోగ్లోబ్యులిన్ బ్లాకర్ వాడొద్దు. అప్పుడు మొదటే రెండు మూడుసార్లు కడిగి ప్లాస్మా మొత్తం తీసేయాలి.

అడుగు 4: ఎర్రకణాలు పగలగొట్టడం

2 మిల్లీలీటర్ల అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం పోసి 10 నిమిషాలు చీకట్లో ఉంచండి. ట్యూబును వెలుతురుకు పట్టి చూస్తే మసకగా ఉన్న ద్రవం ఎర్రగానే ఉంటూ తేటపడాలి. తేటపడ్డాక ఆలస్యం చేయకుండా 300 జీ (భూమ్యాకర్షణకు 300 రెట్లు) దగ్గర 5 నిమిషాలు తిప్పి, పైనీరు తీసేసి, 2 మిల్లీలీటర్ల కడిగే బఫర్‌తో ఒకసారి కడగండి. ఎక్కువసేపు వదిలేస్తే తెల్లకణాలు కూడా దెబ్బతింటాయి.

అడుగు 5: గట్టిపరచడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. అడుగున చేరిన కణాల ముద్దను పూర్తిగా విడదీయకముందే ఫార్మాల్డిహైడ్ పోస్తారు. ఫార్మాల్డిహైడ్ ప్రొటీన్‌ను ప్రొటీన్‌తో ముడివేస్తుంది. కణాలు అతుక్కుని ఉంటే ఆ అతుకును శాశ్వతం చేస్తుంది. తర్వాత ఎంత వోర్టెక్స్ చేసినా విడిపోవు, యంత్రంలో జంటలుగా వస్తాయి, ఒక్కోసారి గొట్టానికే అడ్డుపడతాయి.

పైనీరు తీసేశాక 50 మైక్రోలీటర్లు మిగిలేలా చూసుకోండి. ముందు ట్యూబు అడుగును వేలితో తట్టి ముద్దను ద్రవంలో కలిసిపోయేలా చేయండి. ముక్కలు కంటికి కనిపించకూడదు. ఆ తర్వాత ట్యూబును తక్కువ వేగంలో వోర్టెక్స్ మీద ఉంచి, 100 మైక్రోలీటర్ల 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌ను చుక్కచుక్కగా వదలండి. గది ఉష్ణోగ్రతలో 15 నిమిషాలు చాలు. గంట వదిలేస్తే మంచిదేమో అనిపిస్తుంది, కానీ ముడులు ఎక్కువై లోపలి మార్కర్ యాంటీబాడీకి దొరకదు, కణం సహజ వెలుగు కూడా పెరుగుతుంది. తక్కువ చేస్తే రంధ్రాలు పెట్టగానే లోపలి సరుకు కారిపోతుంది.

తర్వాత 2 మిల్లీలీటర్ల కడిగే బఫర్‌తో కడగండి. ఇక్కడి నుంచి సెంట్రిఫ్యూజ్ వేగం పెంచాలి: 540 జీ, 5 నిమిషాలు.

అడుగు 6: రంధ్రాలు, లోపలి యాంటీబాడీలు

ముద్దను మళ్లీ విడదీసి, 100 మైక్రోలీటర్ల సాపోనిన్ బఫర్ కలిపి 10 నిమిషాలు ఆగండి. ఆ ద్రవాన్ని తీసేయకుండానే లోపలి యాంటీబాడీలు వేసి, చీకట్లో 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. రెండో ట్యూబుకు కూడా సాపోనిన్ వేసి అంతే సేపు ఉంచాలి, యాంటీబాడీ మాత్రం వేయకూడదు.

అడుగు 7: కడగడం

2 మిల్లీలీటర్ల సాపోనిన్ బఫర్‌తో ఒకసారి కడగండి. లోపల ఇరుక్కున్న వదులు యాంటీబాడీ బయటికి రావాలంటే రంధ్రాలు తెరిచే ఉండాలి. ఆ తర్వాతే మామూలు కడిగే బఫర్‌తో ఒకసారి. చివరికి 300 మైక్రోలీటర్ల బఫర్‌లో కలిపి పెట్టండి.

ఈ కడుగుళ్లలో తిప్పిన ప్రతిసారీ, పైనీరు తీసే ముందు, ట్యూబును వెలుతురుకు పట్టి అడుగు భాగం చూడండి. గట్టిపరచక ముందు కణాలు అడుగున గట్టి తెల్ల చుక్కలా కూర్చునేవి. ఇప్పుడు చుక్క ఉండదు. గోడ వెంబడి పలచటి పొగమంచులా పరుచుకుని ఉంటుంది, ట్యూబు వంచితే జారుతుంది. అలవాటు కొద్దీ ట్యూబు బోర్లించి విదిలిస్తే సగం కణాలు సింకులోకి పోతాయి. పైగా అన్నీ ఒకే పాళ్లలో పోవు, అప్పుడు బ్లాస్టుల శాతమే మారిపోతుంది. పిపెట్‌తో పైనుంచి మెల్లగా పీల్చి, అడుగున 100 మైక్రోలీటర్లు వదిలేయండి.

అడుగు 8: యంత్రం మీద

గంట లోపు నడపండి. అప్పటిదాకా 4 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచండి. టాండమ్ రంగులు ఫార్మాల్డిహైడ్‌లోనూ వెలుతురులోనూ విరుగుతాయి. ఏపీసీ-హెచ్7 విరిగితే దాని వెలుగు ఏపీసీలో కనిపిస్తుంది. పైన చెప్పిన ట్యూబులో అయితే పైపొర సీడీ3 ఉన్న కణం సీడీ7 ఎక్కువగా ఉన్నట్టు చూపిస్తుంది. కాంపెన్సేషన్ (ఒక రంగు వెలుగు మరో రంగులోకి చిమ్మడాన్ని సరిచేయడం) కోసం వాడే ఒంటి రంగు ట్యూబులను కూడా ఇవే ద్రావణాల్లోంచి నడిపించండి.

గట్టిపడి రంధ్రాలు పడ్డ కణం కుదించుకుపోతుంది. కణం పరిమాణం చెప్పే ముందు వైపు కాంతి తగ్గుతుంది, లోపలి రేణువుల సంగతి చెప్పే పక్కల కాంతి మారుతుంది. పైపొర ట్యూబులకు పెట్టిన వోల్టేజీలతో చూస్తే బ్లాస్టులు చెత్త ఉండే మూలకు జరిగిపోయి, త్రెషోల్డ్ (యంత్రం లెక్కలోకి తీసుకునే కనీస స్థాయి) కింద పడిపోయే ప్రమాదం ఉంది. న్యూట్రోఫిల్స్ కూడా చోటు మారి మోనోసైట్ల మీదికి రావచ్చు. లోపలి మార్కర్ల ట్యూబులకు వేరే సెట్టింగ్ దాచుకోండి. కనీసం 50,000 ఈవెంట్లు (యంత్రం లెక్కించిన కణాలు) తీయండి. బ్లాస్టులు తక్కువగా ఉంటే అవి కొన్ని వందలైనా పోగయ్యేదాకా నడపండి.

గేట్లు ఈ వరుసలో: కాలంతో పాటు ప్రవాహం నిలకడగా ఉందా, జంట కణాలు పోయాయా, చచ్చినవి పోయాయా, ఆపైన సీడీ45కి పక్కల కాంతికి మధ్య ప్లాట్. అందులో లింఫోసైట్లు కుడివైపు కింద, సీడీ45 బాగా వెలుగుతూ చిన్న గట్టి గుంపుగా ఉంటాయి. న్యూట్రోఫిల్స్ పైన మధ్యలో ఉంటాయి. బ్లాస్టులు సాధారణంగా వీటి ఎడమ పక్కన, సీడీ45 మసకగా, పక్కల కాంతి తక్కువగా కూర్చుంటాయి. కొన్ని బీ వంశపు బ్లాస్టుల్లో సీడీ45 దాదాపు ఉండదు. అవి ఎర్రకణాల పూర్వీకులతో, చెత్తతో కలిసిపోతాయి. సీడీ19, సీడీ34 పెట్టి వెనక్కి చూస్తే బయటపడతాయి.

ఒక గుంపు విషయంలో మాత్రం గట్టి జాగ్రత్త కావాలి. ప్రోమైలోసైటిక్ లుకేమియాలో కణాలు చాలాసార్లు ఈ మామూలు బ్లాస్ట్ గేటులో ఉండవు. పక్కల కాంతి ఎక్కువగా పైకి పోయి ఉంటాయి. సీడీ34, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే మార్కర్లు సాధారణంగా కనిపించవు, ఎంపీఓ మాత్రం కళ్లు చెదిరేలా ఉంటుంది. ఇలాంటి బొమ్మ కనిపిస్తే రిపోర్టు టైపు చేసేదాకా ఆగకండి, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఆ జబ్బులో రక్తస్రావం గంటల్లో ప్రాణం తీయగలదు.

అడుగు 9: చదవడం

బ్లాస్టులను చూసే ముందు మామూలు కణాలను చూడండి. ఎంపీఓకి న్యూట్రోఫిల్స్ పాజిటివ్, లింఫోసైట్లు నెగటివ్. సైటోప్లాజం సీడీ3కి పైన సీడీ3 ఉన్న టీ లింఫోసైట్లు పాజిటివ్, బీ లింఫోసైట్లు నెగటివ్. సీడీ79ఏకి అందుకు తలకిందులు. టీడీటీకి లింఫోసైట్లు నెగటివ్. పాజిటివ్ కొలబద్దగా మజ్జలో హెమటోగోన్లు (మామూలు బీ వంశపు పసికణాలు) ఉంటే ఉంటాయి, రక్తంలో అవి దొరకవు. అందుకని తెలిసిన పాజిటివ్ కణాలు ఒక ట్యూబులో పక్కన నడపాలి. ల్యాబుల్లో పెంచే నాల్మ్-6 కణాలు టీడీటీకి, హెచ్‌ఎల్-60 కణాలు ఎంపీఓకి బాగా పనికొస్తాయి. ఈ మామూలు కణాలు ఉండాల్సిన చోట లేకపోతే ఆ ట్యూబు చదవకండి, మళ్లీ చేయండి.

ఇక బ్లాస్టుల సంగతి. ఎగిల్ అనే యూరప్ లుకేమియా నిపుణుల బృందం పాత లెక్కలో లోపలి మార్కర్‌కు బ్లాస్టుల్లో 10 శాతం దాటితే పాజిటివ్. ఆ లెక్క ఇంకా చాలాచోట్ల వాడుకలో ఉంది. 2022 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదో వర్గీకరణ వెలుగు తీవ్రతను ముందుకు తెచ్చింది. ఎంపీఓ వెలుగు బ్లాస్టుల్లో కొంత భాగంలోనైనా పండిన న్యూట్రోఫిల్స్ స్థాయిలో 50 శాతాన్ని దాటాలి. సీడీ3 వెలుగు పండిన టీ కణాల స్థాయిలో 50 శాతాన్ని దాటాలి. మిశ్రమ వంశపు లుకేమియా అనే పెద్ద మాట చెప్పే ముందు ఈ కొలతే అడ్డుగా నిలబడుతుంది, అది చాలా మంచి పని చేసింది.

అంకెలతో చూద్దాం. న్యూట్రోఫిల్స్ ఎంపీఓ మధ్యస్థ వెలుగు 24,000, లింఫోసైట్లది 400 అనుకోండి. గీత 12,000 దగ్గర పడుతుంది. ఒక నమూనాలో బ్లాస్టులు 500 నుంచి 18,000 దాకా పొడుగ్గా సాగి ఉన్నాయి. లింఫోసైట్ల దగ్గర మొదలై న్యూట్రోఫిల్స్ వైపు నడుస్తున్నట్టుంటుంది. అది నిజమైన ఎంపీఓ. మరో నమూనాలో బ్లాస్టులన్నీ ఒకే ముద్దగా 900 దగ్గర ఉన్నాయి. లింఫోసైట్ల కంటే రెట్టింపే, 10 శాతం లెక్కలో పాజిటివ్ కూడా అయిపోవచ్చు. కానీ సాగుడు లేదు, గుంపంతా కొంచెం జరిగింది, అంతే. రెండో ట్యూబులో కూడా అవి 850 దగ్గరే ఉంటే అది బ్లాస్టుల సహజ వెలుగు, ఎంపీఓ కాదు. పెద్ద కణం చిన్న లింఫోసైట్ కంటే ఎలాగూ ఎక్కువ వెలుగుతుంది.

కొలబద్ద కూడా వంకర కావచ్చు. మైలాయిడ్ జబ్బుల్లో న్యూట్రోఫిల్స్‌కే రేణువులు తగ్గి ఎంపీఓ మసకబారుతుంది. పుట్టుకతోనే ఎంపీఓ లోపం ఉన్నవాళ్లూ ఉంటారు. అలాంటప్పుడు, లేదా నమూనాలో న్యూట్రోఫిల్స్ అసలు మిగలనప్పుడు, ఆరోగ్యవంతమైన తాజా రక్తాన్ని అవే సీసాలతో అదే పూట పక్కన నడిపి దాంతో పోల్చండి.

ఎంపీఓ నెగటివ్ అంటే మైలాయిడ్ కాదని అర్థం కాదు. అతి తక్కువ ఎదుగుదల ఉన్న ఏఎంఎల్ (అక్యూట్ మైలాయిడ్ లుకేమియా), మోనోబ్లాస్టిక్, మెగాకార్యోబ్లాస్టిక్, ఎరిత్రాయిడ్ రకాల్లో ఎంపీఓ ఉండకపోవచ్చు. సీడీ79ఏ టీ వంశపు లుకేమియాల్లో కొన్నింట మసకగా కనిపిస్తుంది. టీ(8;21), అంటే 8, 21 క్రోమోజోముల ముక్కలు తారుమారైన మార్పు, ఉన్న ఏఎంఎల్‌లో సీడీ19, సీడీ79ఏ రావడం తెలిసిన సంగతే. దాన్ని మిశ్రమ వంశం అనరు. టీడీటీ ఎదగని కణం అని చెబుతుంది గానీ వంశం చెప్పదు, కొన్ని ఏఎంఎల్ కేసుల్లోనూ ఉంటుంది. బీ వంశం చెప్పాలంటే సీడీ19తో పాటు సీడీ79ఏ, సీడీ22, సీడీ10 గట్టిగా ఉన్నాయేమో చూడాలి. సీడీ19 మసకగా ఉంటే వాటిలో రెండైనా గట్టిగా ఉండాలి.

తేడా వచ్చినప్పుడు

లింఫోసైట్లతో సహా అన్నీ ఎంపీఓ పాజిటివ్‌గా కనిపిస్తే: యాంటీబాడీ ఎక్కువైంది, లేదా చివర సాపోనిన్‌తో కడగలేదు, లేదా చచ్చిన కణాలు గేటులో ఉన్నాయి.

న్యూట్రోఫిల్స్‌తో సహా ఏదీ వెలగకపోతే: రంధ్రాలు పడలేదు. సాపోనిన్ పాతబడిందా, మధ్యలో మామూలు బఫర్‌తో కడిగారా, ఫార్మాల్డిహైడ్‌లో మరిచిపోయి ఎక్కువసేపు ఉంచారా చూడండి.

ఎంపీఓ బాగుండి, టీడీటీ కంట్రోల్ కణాల్లో కూడా రాకపోతే: సైటోప్లాజం తెరుచుకుంది, కేంద్రకం తెరుచుకోలేదు. రంధ్రాల ద్రావణం మార్చాలి.

పైపొర ట్యూబులో బాగా కనిపించిన సీడీ34 లేదా సీడీ19 ఈ ట్యూబులో మసకబారితే: ఆ రంగు ఈ ద్రావణాలకు తట్టుకోలేదు. అదే మార్కర్‌ను వేరే రంగులో తీసుకోండి.

ఈవెంట్లు సగమే వస్తే ముందు త్రెషోల్డ్ చూడండి, తర్వాత మీ పైనీరు తీసే తీరు.

రిపోర్టులో

'ఎంపీఓ: 34 శాతం పాజిటివ్' అని మాత్రమే రాస్తే చదివే డాక్టరుకు సగమే తెలుస్తుంది. బ్లాస్టుల్లో ఎంత భాగం, ఎంత తీవ్రత, దేనితో పోల్చారు అనేవి రాయండి: 'బ్లాస్టుల్లో ఎంపీఓ పొడుగ్గా విస్తరించి ఉంది, పై భాగం అదే ట్యూబులోని న్యూట్రోఫిల్స్ స్థాయిలో సగాన్ని దాటింది. లింఫోసైట్లు నెగటివ్.' స్లైడు మీద ఎంపీఓకి సైటోకెమిస్ట్రీ (రసాయన రంగు పరీక్ష) చేసి ఉంటే దాని ఫలితం పక్కనే పెట్టండి. అక్కడ బ్లాస్టుల్లో 3 శాతం గీత. రెండూ కలవకపోతే ఆ మాట దాచకుండా రాయండి.

యాంటీబాడీ క్లోన్, లాట్ (తయారీ విడత) నంబరు, ద్రావణాలు కలిపిన తేదీ కేసు ఫైలులో ఉంచండి. కొత్త లాట్ వచ్చినప్పుడల్లా పాతది అయిపోకముందే ఒకే రక్తం మీద రెండూ పక్కపక్కన నడిపి చూడండి. ఆ ట్యూబుల్లో న్యూట్రోఫిల్స్ ఎంపీఓ వెలుగు, టీ కణాల సీడీ3 వెలుగు ఎంత వచ్చాయో ఒక పట్టికలో రాసి పెట్టండి.